బుధవారం చదువరి

పరిగీ, సులవేసీ
4 మార్చి 1994

అమ్లాపురా తాళపత్ర పరిశోధనా గ్రంథాలయంలో ఉత్తరాలు చూసే పెద్దలకు,
ఓం స్వస్త్యస్తు.

నా పేరు నెంగా రిందా. ఇరవై రెండేళ్ల కింద మా నాన్న చెక్కిన నలభై ఆకుల కావ్యం మీకు దానమిచ్చింది నేనే. దానం అంటున్నాను గానీ అది ఒట్టి కోపం. నాన్న పోయాక ఆ గ్రంథం ఎవరింట్లో ఉండాలని అన్నకూ నాకూ మాటామాటా పెరిగింది. నీకూ వద్దు, నాకూ వద్దు అనుకుని, అన్నకు చెప్పకుండా తెచ్చి మీ బల్లమీద పడేశాను. ఆ వారమే ఓడెక్కి ఈ దీవికొచ్చి కోకో తోట వేసుకున్నాను. అన్నకు మళ్లీ ఒక్క ముక్క రాయలేదు. ఆయనా రాయలేదనుకోండి.

ఆ రోజుల్లో సభలో ఆ పద్యాలు నేను పాడితే అన్న అర్థం చెప్పేవాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. మొన్న గుడి పండగలో మూడో పద్యం దగ్గర మాట అందక నిలబడిపోయాను. పిల్లలు కిసుక్కుమన్నారు. పోయేలోగా నాన్న పాట ఒక్కసారి చివరిదాకా పాడాలి. దయచేసి నకలు తీయించి పంపండి.

ఓం శాంతిః శాంతిః శాంతిః.
నెంగా రిందా

తా.క. మా అన్న వయాన్ మెర్తా మీ పక్క ఊళ్లోనే ఉంటాడు. నేను అడిగానని ఆయనకు తెలియనివ్వకండి. మురిసిపోతాడు.

అమ్లాపురా
22 మార్చి 1994

పెద్దలు నెంగా రిందా గారికి,
ఓం స్వస్త్యస్తు.

మా గ్రంథాలయం ఎవరొచ్చినా తెరిచే ఉంటుందండీ. చిక్కంతా అదే. మీ గ్రంథం ఇప్పుడొక చదువరి దగ్గరుంది. ప్రతి బుధవారం వచ్చి, కత్తిమొనతో తాటాకుమీద తానే నకలు చెక్కుకుంటున్నారు. నైవేద్యం పెట్టి దారం విప్పిన గ్రంథాన్ని, నకలు పూర్తయి మళ్లీ దారం కట్టేదాకా ఇంకొకరికి ఇవ్వకూడదు. మీకు తెలియని ఆచారమా? ఇప్పటికి పన్నెండు ఆకులయ్యాయి.

తన పేరు ఎవరికీ చెప్పవద్దన్నారు. గ్రంథాలయం కార్డు తన దగ్గర ఉన్నన్నాళ్లూ చదువరి మాట మేము దాటకూడదు.

ఓం శాంతిః శాంతిః శాంతిః.
లూ సుకర్సీ, గ్రంథపాలిక

తా.క. తొందరపెట్టి చూశాను. వేడి నీళ్లడిగి కాఫీ కలుపుకున్నారు.

పరిగీ
15 ఏప్రిల్ 1994

అమ్మా సుకర్సీ,
ఓం స్వస్త్యస్తు.

ఎవడమ్మా ఆ మహానుభావుడు? నాకు తెలుసులే. నకళ్లు చెక్కి ఉబుద్ బజారులో విదేశీయులకు అమ్ముకునే రకం. మా నాన్న చెమట వాడి వ్యాపారమా? ఈ ఉత్తరం గట్టిగా, అక్షరం పొల్లుపోకుండా వాడికి చదివి వినిపించు.

అయ్యా చదువరీ, నీకో దణ్ణం. ఒక్క నెల పక్కకు తప్పుకో. ఎండుచేపలు పంపుతున్నాను, తిని దయతలచు.

ఓం శాంతిః శాంతిః. మూడోది గ్రంథం వచ్చాక.
నెంగా

తా.క. చేపలు నువ్వూ రెండు తీసుకో అమ్మా. అన్నీ వాడికి పెట్టకు.

అమ్లాపురా
13 జూలై 1994

నెంగా గారికి,
ఓం స్వస్త్యస్తు.

చేపలు చేరాయి. మీరు రాసిందంతా చదివి వినిపించాను. అమ్ముకునే రకం అన్నచోట ఆయన నవ్వి నవ్వి, దగ్గొచ్చి మంచినీళ్లు తాగారు. పని ఆపనన్నారు. ఇరవై అయిదో ఆకు నడుస్తోంది.

ఓం శాంతిః శాంతిః శాంతిః.
సుకర్సీ

తా.క. చేపల్లో ఉప్పెక్కువైందట. "పాట మరిచిపోయాడు సరే, ఉప్పు కూడా మరిచిపోయాడా?" అని అడగమన్నారు. అన్నీ తినే అన్నారండీ.

పరిగీ
9 ఆగస్టు 1994

సుకర్సీ,
స్వస్త్యస్తు.

ఉప్పెక్కువా? తిన్న నోటితోనే వంకలా? ఇదీ చదివి వినిపించు. మా అన్న మొండివాడే, నాతో మాట్లాడనివాడే. కానీ ఒక ముసలివాడు ఇంతలా బతిమాలితే ఆయనైతే ఎప్పుడో ఇచ్చేసేవాడు. ఆయన కాలిగోటికి చాలడు వీడు. వీడి చెయ్యి పడిపోను!

శాంతి. ఒక్కటి చాలు, అదీ నీ మొహం చూసి.
నెంగా

తా.క. నిన్న అన్నకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. కాగితం మడిచి పెట్టేశాను.

అమ్లాపురా
6 అక్టోబర్ 1994

పూజ్యులు నెంగా రిందా గారికి,
ఓం స్వస్త్యస్తు.

పోయిన బుధవారం ఆయన రాలేదు. నిన్న వాళ్ల కోడలు వచ్చి కార్డు తిరిగిచ్చింది. నిద్రలోనే పోయారట. ఇక ఆ పేరు దాచాల్సిన పనీ లేదు, దాచే ధైర్యమూ నాకు లేదు. ఆయన మీ అన్న వయాన్ మెర్తా గారు.

ఆ నకలు మీకోసమేనండీ. మీ మొదటి ఉత్తరం రాకముందే మొదలుపెట్టారు. "మాటలు మరిచిపోయే వయసు వాడికి వచ్చుంటుంది" అన్నారు. ప్రతి పద్యం కింద అర్థం కూడా చెక్కారు, అందుకే అంత ఆలస్యం. పూర్తయ్యాక తన చేత్తో పంపి, అప్పుడు పేరు చెబుతానన్నారు.

మీ అన్నగారైతే ఇచ్చేసేవారన్న మాట రెండోసారి చదవమన్నారు. చెయ్యి పడిపోవాలన్న మాట మాత్రం నేను చదవలేదు. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో చెప్పింది చెప్పినట్టు చెయ్యనిది అదొక్కసారే. ఇంకోసారి కూడా తప్పి, మీకు ఆ పేరు రాసేసి ఉండాల్సింది. నియమం పట్టుకుని వేలాడాను. నాకు ఏడుపొస్తోంది, మన్నించండి.

ఓం శాంతిః శాంతిః శాంతిః.
సుకర్సీ

తా.క. చెక్కిన ముప్పై ఒక్క ఆకులూ పంపుతున్నాను. తొమ్మిది మిగిలిపోయాయి. నా అక్షరాలు వంకరటింకర, నవ్వకండి, తప్పులు మన్నించండి అని నకలు రాసినవాళ్లు చివర ఒక ఆకు చేరుస్తారు కదా. దాన్ని ఆయన అన్నిటికంటే ముందే చెక్కి పెట్టుకున్నారు. అదీ ఇందులోనే ఉంది. అందులో అక్షరాల ఊసే లేదు. "ఆ రోజు ముందు నోరు జారింది నేనే నెంగా, మన్నించు" అని మాత్రం ఉంది.