తాడు కట్టి నాటిన టేకు

నాన్నా,

ఈ రోజు కొత్తగూడెం కోర్టులో గెలిచాను. ముందు నీకే చెప్పాలి, గెలిపించింది నువ్వే కాబట్టి.

నువ్వు పోయిన ఏడాదికి, ఇంటి ద్వారబంధం కోసం మన గట్టు మీది టేకు చెట్లు రెండు కొట్టించాను. చేను దాటితే అడవే కదా, ఆ దుంగలు అడవివని అటవీ శాఖ వాళ్లు నా మీద దొంగతనం కేసు పెట్టారు. మొదట కలిసిన వకీలు కాగితాలైనా చూడకుండా, "ఒప్పుకో, జరిమానాతో పోతది" అన్నాడు. దొంగనని ఒప్పుకోవాలా? లేచి వచ్చేశాను.

రెండో వకీలు ఒక ఆడమనిషి. కేసు కాగితాలు మొత్తం చదివింది. "పర్మిషన్ అడగకపోవుడు నీ తప్పే, దానికి జరిమానా కడుదాం. దొంగతనమంటే ఇంకొకరి సొత్తు తీసుకునుడు. ఆ చెట్లు ఎవరివి? పా, చూద్దాం" అని చేనుకు వచ్చింది.

టేకు మొక్కలను నువ్వు తాడు కట్టి ఒకే వరుసలో నాటితే ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. నరికిన మొదళ్లు రెండూ సరిగ్గా ఆ వరుసలోనే ఉన్నాయి. వకీలు వాటికి ఫోటో తీసింది. కోర్టులో అది చూపించి, "అడవి ఎక్కడన్న గిట్ల లైను కట్టి మొలుస్తదా సార్?" అని అటవీ అధికారిని అడిగింది. జడ్జి ఆ ఫోటో తీసుకుని చూశారు. దొంగతనం కేసు కొట్టేశారు!

సాయంత్రం వరుస చివర రెండు కొత్త మొక్కలు పెట్టాను, తాడు కట్టే. అమ్మ గట్టు మీద కూర్చుని ఒక కన్ను మూసి చూసింది.

"జర ఎడమకు జరుపు. వంకరైతే మీ నాయన ఊకుంటడా?"