నా అక్షరాలు దిద్దినవాడికి

నేను, అరవై తొమ్మిదేళ్లవాణ్ణి, షాపుల బోర్డులు రాసి బతికినవాణ్ణి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. కింద సంతకం వంకరగా కనిపిస్తే అది చేతి జబ్బే గానీ బుద్ధి జబ్బు కాదు. కలం పట్టింది నా కూతురు. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. గతంలో కోపంలో రాసిన వీలునామా ఇంతటితో రద్దు. ఇదీ కోపంలోనే రాయిస్తున్నాను, కాకపోతే ఈ కోపానికి కారణాలున్నాయి.

1. నేను కాపురమున్న రెండు గదుల ఇల్లు, సమస్త సామానుతో సహా, సర్వహక్కులతో నా భార్యకు చెందాలి.

2. బజారులోని షాపు, రెండు నిచ్చెనలు, రంగుల డబ్బాలు, నా కుంచెలన్నీ నా భాగస్వామి బక్కోడికి చెందాలి. ఎందుకో చెప్పకపోతే నా మంచితనం అనుకుంటారు.

ముప్పై ఏళ్లు పైగా ఇద్దరం కలిసి పనిచేశాం. యాభై ఎనిమిదో ఏట నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. అక్షరాలు ఎప్పటిలాగే నున్నగా వస్తున్నాయనుకున్నాను. రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం భోజనానికి బయల్దేరి, కళ్లజోడు మరచిపోయి వెనక్కి వచ్చాను. మందుల షాపు ముందు బక్కోడు నిచ్చెనెక్కి, పొద్దున నేను రాసిన అక్షరాల అంచుల్ని సన్న కుంచెతో సరిచేస్తున్నాడు. మందుల షాపాయన్ని అడిగితే, రోజూ ఇదే వరసన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. వీధిలో అందరూ వింటుండగా వాణ్ణి దొంగ అన్నాను. వాడు దిగి, కుంచె తుడుచుకుని, "తప్పేరా, నీకు చెప్పాల్సింది" అన్నాడు. ఎదురు తిట్టి ఉంటే సాయంత్రానికి సర్దుకునేది. తిట్టలేదు. అందుకు నేను వాణ్ణి ఈనాటికీ క్షమించలేదు.

షాపుకి రావద్దన్నాను. నాలుగేళ్లు మాటల్లేవు. ఎందుకు విడిపోయారని అడిగినవాళ్లకి, "పని నాకే సరిగ్గా రాలేదండీ" అని చెప్పుకున్నాడట. అబద్ధం. వాడంత పనివాడు లేడు. నా చెయ్యి సంగతి ఒక్కడికి చెప్పినా వాణ్ణి హాయిగా ద్వేషించేవాణ్ణి. ఆ అవకాశమూ ఇవ్వలేదు.

ఇక్కడికి నా కూతురు రెండుసార్లు "ఈ మాట తీసేద్దాం నాన్నా" అంది. తీయడానికి వీల్లేదు.

3. నా భార్య మీద కూడా ఫిర్యాదు ఉంది. షాపులో మిగిలిపోయిన బక్కోడి కుంచెల పెట్టె పారేయమని ఇచ్చాను. పారేయకుండా ప్రతి ఆదివారం కుంచెలు శుభ్రం చేసి, నూనె రాసి పెట్టేది. కసిరితే, "వాడుకునే మనిషి వస్తాడు" అనేది. టీ ఎప్పుడూ సగం గ్లాసే ఇచ్చేది. పిసినారివని నలుగురిలో అన్నాను. నిండుగా పోస్తే ఒలికి నేను చిన్నబోతానని సగం సగం రెండుసార్లు ఇస్తోందని మూడేళ్లకు గానీ తట్టలేదు. ఒక మనిషి మీద ఇంత ఓర్పు చూపించడం అన్యాయం.

పెళ్లైన కొత్తలో ఒక చెక్క మీద ఆమె పేరు రాశాను. ఇవ్వడానికి సిగ్గేసి షాపు అటక మీద దాచాను. అది ఆమెకు చెందాలి. అప్పటికి నా చెయ్యి వణికేది కాదు.

4. మా అన్నయ్యకు, పదేళ్ల కిందట నా దగ్గర తీసుకెళ్లిన గొడుగు. నేను ముట్టని తాగుడు వల్లే చెయ్యి వణుకుతోందని బంధువులందరికీ చెప్పిన మనిషికి అంతకంటే ఇవ్వలేను.

5. నా కూతురికి నా చేతి గడియారం. ఆమె లేకపోతే కథ ఇక్కడే ఆగిపోయేది. బడి గేటు బోర్డు మీద పేరు రాయడానికి ఒప్పుకుని మూడుసార్లు రాసి మూడుసార్లు తుడిచేశాను. "బాబాయిని అడిగితే నీకేం పోతుంది నాన్నా?" అంది. చాలా పోతుందని అరిచాను. మర్నాడు బక్కోడి గుమ్మం ముందు నిలబడ్డాను. వాడు అన్నం తింటున్నాడు. "నా చెయ్యి వణుకుతోంది. బడి బోర్డు నువ్వు రాయాలి" అన్నాను. ఆ రెండు మాటలు నోట్లోంచి రావడానికి నాలుగేళ్లు పట్టింది. వాడు చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, "ఏ రంగు?" అన్నాడు. ఇన్నాళ్లూ నేను సిద్ధం చేసుకున్న జవాబులన్నీ దండగైపోయాయి.

దారిలో మా ఇంటికొచ్చి పెట్టె తెరిచాడు. కుంచెలు మెత్తగా ఉన్నాయి. మా ఆవిడకి దండం పెట్టాడు. నాకు పెట్టలేదు, అది న్యాయమే. అప్పటి నుంచి ఐదేళ్లుగా వాడు రాస్తున్నాడు, నేను రంగులు కలిపి నిచ్చెన పట్టుకుంటున్నాను.

6. నేను పోయాక నా భార్యా, బక్కోడూ నా గురించి ఒక్క చెడ్డమాట అనరు. అదే నా మంట. కనుక షాపు అప్పగించే రోజున ఇద్దరూ అక్కడ కూర్చుని, ఒక పూట నన్ను నోరారా తిట్టాలి. ఇది షరతు. మొదలుపెట్టడం చేతకాకపోతే నా కూతురు మొదలుపెడుతుంది. ఆమెది నా పోలికే.

మార్చి పదిహేడో తేదీ, ఆదివారం.

(సంతకం)
బోర్డులు రాసేవాడు

మా ఎదుట, చదివించుకుని విన్నాక సంతకం చేశారు. సాక్షులు:
1. మందుల షాపు యజమాని
2. బడి హెడ్‌మాస్టరు