మర చప్పుడులో మాట

ఖబూరా,
శుక్రవారం.

జాహిదా ఆపాకు, మీరు ఎన్నడూ చూడని షైస్తా సలాం చేసి రాసుకునేది.

ఈ పేరు మీరు విని ఉండరు. మీ చెవిన పడకూడదని ఆయన కోరిక. కొన్నాళ్లు నేనూ అదే కోరుకున్నాను. ఆయన పోయిన సంగతి మీ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది ఇక్కడ కూరగాయల అంగడి నడిపే జీషాన్. ఆస్పత్రిలో పోయాడనీ, ఇక్కడే మట్టి ఇచ్చామనీ చెప్పాడు. పక్కన ఎవరున్నారో మాత్రం చెప్పలేదు. నేనున్నాను ఆపా. పదేళ్ల పైమాటే, మీ ఆయన ఖమరుద్దీన్ గారి రెండో భార్యగా ఈ ఊళ్లో ఉన్నాను. మాకు తయ్యబా అని ఎనిమిదేళ్ల కూతురు ఉంది.

ఇక్కడిదాకా చదివి కాగితం చించేస్తే మిమ్మల్ని తప్పు పట్టను. చించే ముందు బిడ్డ సంగతి మాత్రం చదవండి. ఫోన్‌లో చెప్పుకుందామంటే మీకు వినపడదు. మైదుకూరులో పిండి మర దగ్గర ఏళ్ల తరబడి ఆయన పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నారని ఆయనే చెప్పేవాడు. మధ్యలో ఇంకొకరిని పెట్టి చెప్పించే మాటలు కావు ఇవి. ఉర్దూ రాయడం నాకు రాదు. రాయచోటిలో బడికి పోయి నేర్చుకున్నది తెలుగే.

నేను ఈ అరబ్బు దేశానికి ఇంటిపనికి వచ్చాను. మొదటి మొగుడు నన్ను వదిలేసి పోయాక మా అన్న ఏజెంటుకు అప్పగించి పంపించాడు. ఖబూరాలో ఒక పెద్ద ఇంట్లో వంట, బట్టలు, పిల్లలు అన్నీ నా మీదే. ఆ ఇంటివాళ్లు గోధుమలు ఇచ్చి నన్ను మరకు పంపేవాళ్లు. మొదటిసారి పోయినప్పుడు నా ముఖం చూసి ఆయన మర ఆపేశాడు. “ఏ ఊరు మే మనది?” అని అరిచాడు. మర ఆగినా ఆయన గొంతు తగ్గేది కాదు. రాయచోటి అన్నాను. “అట్లయితే ఇంగ రాగులు తెచ్చుకో మే, ఆడిచ్చిస్తా. సంగటి తిని ఎన్నాళ్లయిందో ఏమో నువ్వు,” అన్నాడు. ఆ దేశంకాని దేశంలో నేను తిన్నానా అని అడిగిన మొదటి మనిషి ఆయన. అక్కడే పడిపోయాను ఆపా. ఇందులో ఆయన మోసం చేశాడని చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. ఊళ్లో మీరున్నారని నిఖాకు ముందే చెప్పాడు. ఈసారి సెలవుకు పోయినప్పుడు జాహిదాకు చెప్పి వస్తానన్నాడు. పోయాడు, వచ్చాడు. చెప్పావా అంటే, “సమయం కుదర్లేదు లే,” అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు పోయొచ్చినా అదే మాట.

ఆయన వచ్చి మర పెట్టకముందు ఈ తీరం పొడవునా మనవాళ్లకు రాగి పిండి, జొన్న పిండి దొరికేవి కావట. రాళ్లు మన ఊరివైపు నుంచి ఓడలో తెప్పించుకున్నాడు. అరిగాక వాటికి కక్కు కొట్టి గరుకు చేయాలంటే ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు, ఉలి పట్టుకుని తానే కూర్చునేవాడు. శుక్రవారం అల్ హైల్‌లో పని చేసే నిజామాబాదు వైపు కూలీలు వ్యానులో జొన్నలు వేసుకుని వచ్చేవాళ్లు. వేడి పిండి గుప్పెడు తీసి వాసన చూసుకుంటూ నిలబడేవాళ్లు. ఆయనకు అదొక పండగ. ఆ పిండీ మిరప పొడీ పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడైపోయాయి. మూతికి గుడ్డ కట్టుకోమంటే, “పిండి వాసన తెలియకుండా మర ఆడించేదెట్ల మే?” అనేవాడు.

చివరి రోజుల్లో గొంతులో గొట్టం వేశారు. మాట లేదు. సాయంత్రం అసర్ నమాజు అయిపోయాక మసీదు జమాతువాళ్లు వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. అప్పుడు ఆయన కుడిచెయ్యి లేచింది. బొటనవేలు మిగతా వేళ్ల కొసల మీద మెల్లగా తిరుగుతూ ఉంది, తస్బీ పూసలు తిప్పుతున్నట్టు. అందరూ సుభానల్లా అన్నారు. ఇది ఆయనకు ఎప్పుడూ ఉన్న అలవాటే. తినేటప్పుడు కూడా అలాగే వేళ్లు తిప్పుతూ నా ముఖంలోకి చూసి, కాసేపు ఆగి, తల దించుకునేవాడు. ఏమిటని అడిగితే “ఏం లేదులే” అనేవాడు. లోపల్లోపల జపం చేసుకుంటున్నాడు, ఎంత భక్తి అనుకునేదాన్ని. ఇమాం గారి తస్బీ దండ తీసి ఆయన చేతిలో పెట్టాను. కింద పడేశాడు. మళ్లీ పెట్టాను, మళ్లీ పడేసి నన్నే చూస్తూ వేళ్లు తిప్పాడు. చేతిలో బలం లేదనుకుని దండ వేళ్లకు చుట్టి, నా రెండు చేతులతో ఆయన చేతిని గుప్పిటగా మూసి గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు నెమ్మదించాడు. అలాగే పోయాడు. మంచి చావు అని ఊరంతా అంటున్నారు. నాకు మిగిలింది ఆ మాట ఒక్కటే, అందుకే మీకూ పంచుతున్నాను.

ఇప్పుడు మీరు అక్కడ ఇద్దత్ కూర్చుని ఉంటారు, నాలుగు నెలల పది రోజులు. నేనూ ఇక్కడ కూర్చున్నాను. ఒకే మనిషి కోసం గడప దాటకుండా ఇద్దరం. ఈ గది కిటికీలోంచి మర వెనక గోడ కనపడుతుంది. కొత్తగా అంగడి తీసుకున్నవాళ్లు రాళ్లు పెరికి ఎండలో పడేశారు. తయ్యబా పోయి పై రాయి మీద కూర్చుంటుంది. అబ్బా వచ్చి కక్కు కొట్టాలి, అరిగిపోయింది అంటుంది. నాకు ఏడవడానికి కూడా ఓపిక లేదు ఆపా. పొద్దున లేవగానే ఇంకా ఎందుకు లేచానా అనిపిస్తోంది.

ఆయన పోవడంతో ఆయన పేరు మీదున్న మా కాగితాలు చెల్లవు. మరకు కఫీల్‌గా, పూచీగా ఉన్న అరబ్బు మంచివాడే, ఇద్దత్ నిండేదాకా ఉండమన్నాడు, కానీ వీసా ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదు. గడువు నిండకముందే నేను గడప దాటాలి. అజైబాలో ఒక ఇంట్లో వంటకు తీసుకుంటామన్నారు, బిడ్డతో వద్దన్నారు. మా అన్నకు ఫోన్ చేశాను. “నిన్నొక్కదాన్నంటే ఎట్లో సాకుతా. ఆ పిల్లను యాడ పెట్టుకునేది?” అన్నాడు. నేను ఇక్కడ ఉండి పని చేస్తేనే దాని చదువు సాగుతుంది, ఇక్కడ ఉంటే అది నా దగ్గర ఉండకూడదు. తిప్పి తిప్పి ఆలోచిస్తే ఈ లోకంలో దానికి మిగిలిన ఇల్లు వాళ్ల నాయన ఇల్లే. అంటే మీ ఇల్లు.

ఏ ముఖంతో అడుగుతున్నానో నాకే తెలియదు. తయ్యబాను ఉంచుకోండి ఆపా. అల్లరి చేయదు. నన్ను క్షమించమని అడగడం లేదు, బిడ్డ గురించి ఒక్క మాట రాయండి. కాదన్నా సరే, రాయండి. నెలాఖరుకు జీషాన్ ఊరికి వస్తున్నాడు. అది అతని వెంట వచ్చేదీ లేనిదీ మీ జవాబును బట్టి ఉంటుంది.

మీ చెల్లెలినని రాసుకునే హక్కు లేని
షైస్తా

*

మైదుకూరు,
బుధవారం.

షైస్తాకు,

సలాం. అది రాయడానికే పొద్దంతా పట్టింది.

నీ కాగితం చించలేదు. చించుదామని పట్టుకున్నాను, మడిచి దిండు కింద పెట్టాను, మళ్లీ తీశాను. ఈ పేరు విని ఉండరని రాశావు. పేరు తెలియదు, నిజమే. మనిషి ఉందని తెలుసు. నా మొగుడు ఖబూరా నుంచి ఫోన్ చేస్తే ముందంతా మా వీధి చివరిదాకా వినపడేది. మర పక్కన బతికినవాళ్లం, మెల్లగా మాట్లాడడం మాకెవరికీ రాదు. ఉన్నట్టుండి ఒక ఏడు ఆయన గొంతు తగ్గింది. నాకు సరిగా వినపడక, “గట్టిగా చెప్పు, ఏందట్ల గొణుగుతావు?” అని నేనే అరిచేదాన్ని. మరవాడు గొంతు తగ్గించాడంటే పక్కన పసిబిడ్డ నిద్రపోతూ ఉండాలి. ఆ ఆలోచన వచ్చిన మర్నాడే కడపకు పోయి చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. లోపం నా చెవుల్లోనే ఉందని డాక్టరు అన్నాడు. అంటే ఆయన గొంతు తగ్గలేదు, పక్కన బిడ్డా లేదు అనుకున్నాను. ఎంత సంతోషించానో నీకు చెప్పలేను. చెవులు పోయాయని సంతోషపడిన ఆడది నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ తర్వాత నాకు అసలు వినపడకుండా పోయాక ఆయనకూ సుఖం, నాకూ సుఖం.

ఇక్కడికి పలకరించడానికి వచ్చినవాళ్లందరూ అదే మాట. తస్బీ తిప్పుతూ పోయాడంట, అదృష్టవంతుడు అని కాగితం మీద రాసి చూపించారు. నేనూ నమ్మాను. వేరే అన్నీ ఎలా ఉన్నా చివరికి దేవుడి దగ్గరికి చక్కగా పోయాడులే అని ఆ మాట పట్టుకుని ఈ గదిలో కూర్చున్నాను. నీ ఉత్తరంలో వేళ్ల సంగతి విడమరిచి రాశావు చూడు, దాంతో అదీ పోయింది.

అది తస్బీ కాదు షైస్తా.

మర నడుస్తుంటే పక్కన నిలబడి అరిచినా ఒకరి మాట ఒకరికి చేరదు. అందుకని మాది చేతుల మాట. నేను పైన గింజలు పోసేదాన్ని, ఆయన కింద పిండి మూతి దగ్గర నిలబడేవాడు. జారే పిండిని చేతిలోకి తీసుకుని బొటనవేలితో వేళ్ల కొసల మీద రుద్ది చూసి నా వైపు తిరిగేవాడు. ఇంత మెత్తన చాలా, రాయి ఇంకా బిగించాలా అని అడగడం. పిండి ఎవరికి ఏ పాటి మెత్తగా కావాలో నాకు తెలుసు కాబట్టి నేను చెప్పాలి. చాలకపోతే ఊరకే ఉంటాను. చాలంటే గుప్పిట మూసి చూపిస్తాను. అప్పుడే రాయి బిగించే చక్రం మీద నుంచి చెయ్యి తీసేవాడు. రాను రాను ఇంట్లోకీ అదే మాట వచ్చేసింది. అన్నం తింటూ వేళ్లు తిప్పి నన్ను చూస్తే, ఇంకాస్త కూర కావాలా, ఇక లేవనా అని. ఎప్పుడైనా ఇద్దరం పోట్లాడుకుంటే కాసేపటికి వాకిలి దగ్గర నిలబడి వేళ్లు తిప్పేవాడు. ఇక చాలా అని. నేను ముఖం తిప్పుకునేదాన్ని, తర్వాత గుప్పిట మూసేదాన్ని.

నీ ముందు కూర్చుని, నువ్వు పెట్టిన కూడు తింటూ, ఇన్నేళ్లూ అలా అడిగాడన్నమాట. నువ్వు భక్తి అనుకున్నావు. నవ్వు వచ్చింది నాకు, తర్వాత నవ్వు ఎటు పోయిందో తెలియదు. చెప్పి ఉండవచ్చు కదా నీకు, ఇలా అంటే ఇదీ అని. ఎందుకు చెప్పలేదో ఆయనకే తెలియాలి.

ఆస్పత్రిలో పూసలు ఎందుకు పడేశాడో ఇప్పుడు తెలిసిందా? అడుగుతుంటే చేతిలో ఏదో కుక్కారు. ఇక చాలా, పోనా అని అడిగాడు. చుట్టూ అంతమంది నిలబడి ఒక్కరూ చెప్పలేదు. నేనుంటే చెప్పేదాన్నా? నీ కాగితం చదివినప్పటి నుంచి నా చెయ్యి నేనే చూసుకుంటున్నాను. ఇన్నేళ్ల కోపానికి ముఖం తిప్పుకుని ఆయన్ను కాసేపు అలాగే ఉంచేదాన్నేమో, ఒట్టేసి చెప్పలేను. కానీ చివరకు మూసేదాన్ని. అది మాత్రం నాకు తెలుసు.

నువ్వు ఆయన చెయ్యి మూసి గట్టిగా పట్టుకున్నానని రాశావు. అప్పుడు నెమ్మదించాడని రాశావు. నీకు తెలియకుండానే జవాబు చెప్పావు. ఆయనకు కావలసిన మాట నాది, అందింది నీ చేతుల నుంచి. ఆయనకు తేడా తెలిసిందో లేదో నేను ఇక ఎవరినీ అడగలేను. ఆయన పెళ్లి చేసుకున్నదానికంటే, బిడ్డను కన్నదానికంటే ఇదే నన్ను ఎక్కువగా తినేస్తోంది. ఆ ఒక్కటైనా నాకు మిగలలేదు.

బిడ్డను పంపించు. ముద్దు చేస్తానని మాట ఇవ్వలేను. వేళకు అన్నం పెడతాను, బడికి పంపిస్తాను. పిలిస్తే నాకు వినపడదు, వచ్చి తట్టాలని చెప్పు. జీషాన్ బస్టాండు నుంచి నేరుగా ఇంటికే తీసుకురావాలి, ఇద్దత్‌లో ఉన్నాను కాబట్టి నేను ఎదురు రాలేను. నువ్వు మాత్రం రావద్దు. ఎప్పటికైనా దాన్ని చూడాలనుకుంటే మీ అన్న ఇంట్లో చూసుకో. నీ ముఖం చూస్తే ఏమీ కాదేమో గానీ నీ చేతులు నేను చూడలేను.

పంపే ముందు ఒక్కటి నేర్పించు. ఎదుటి మనిషి బొటనవేలు వేళ్ల మీద తిప్పుతూ తన వైపు చూస్తే, గుప్పిట మూసి చూపించాలని. దండలు, పూసలు ఏమీ తెచ్చి చేతిలో పెట్టవద్దని. ఊరకే మూసి చూపిస్తే చాలు. నా వంతు వచ్చినప్పుడు నేనూ అడుగుతాను, ఆ రోజు చూసి చెప్పడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి.

జాహిదా