పంటి జోలికి వెళ్లను

1వ తేదీ, ఉదయం 6.10

ఈ రోజు నుంచి నేను పళ్ల డాక్టర్ని కాను. ప్రజాసేవకురాలిని!

పద్దెనిమిదేళ్లు నగరంలో జనం నోళ్లలోకి తొంగి చూశాను. ఇక చాలు. క్లినిక్ మూసేసి పుట్టిన ఊరికి వచ్చేశాను. వార్డు మెంబరుగా పోటీ చేస్తాను. నామినేషన్ గడువు 15వ తేదీ, మధ్యాహ్నం మూడు గంటలు.

కారణం ఒక్కటే. పిన్ని ఇంటి ముందు మురుగుకాలువ మీద పలక విరిగింది. పదకొండు నెలల క్రితం పిన్ని అక్కడే జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కాలు అతుక్కుంది. పలక మాత్రం అలాగే ఉంది. పక్కనే ప్రింటింగ్ ప్రెస్ నడిపే తమ్ముడు ఒక చెక్క వేశాడు, అది ఊగుతుంది. ప్రెస్‌కీ దారి అదే. కొత్త పలక మేమే వేయించుకుంటామంటే మున్సిపల్ ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదు, కాలువ వాళ్లదట. నేను ఆరు అర్జీలు పెట్టాను. ఆరింటికీ ఒకే జవాబు: "పరిశీలనలో ఉంది."

రోజూ సాయంత్రం ఎదురుగా ఉన్న లైబ్రరీకి వెళ్లి, రిటైరైన పోస్ట్‌మాన్‌ని చదరంగంలో చిత్తుచిత్తుగా ఓడించే మనిషి మా పిన్ని. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని ఆ చెక్కకేసి చూస్తోంది.

నిబంధనలు:
1. ఎవరి పంటి జోలికీ వెళ్లను.
2. రోజుకు రెండు వీధులు తిరిగి సమస్యలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటాను.
3. నామినేషన్‌కి పదిమంది సంతకాలు కావాలి. నేను వైద్యం చేసినవాళ్ల సంతకం తీసుకోను. అది లంచం కిందికి వస్తుంది.

పనిముట్ల పెట్టె తాళం పిన్నికి ఇచ్చేశాను. క్లినిక్ నుంచి తెచ్చిన పేషెంట్ల కుర్చీ తమ్ముడి ప్రెస్‌లో దుప్పటి కప్పుకుని పడుకుంది. పడుకోనీ!

2వ తేదీ, ఉదయం 11.00

రెండు వీధులు. పంతొమ్మిది సమస్యలు. వెలగని దీపాలు, తెల్లవారుజామున నాలుగింటికి వచ్చే నీళ్లు, మూత లేని మ్యాన్‌హోల్. అమ్మో, ఎంత పని ఉందో! ఎంత హాయిగా ఉందో!

మూడుసార్లు గెలిచిన ఇప్పటి మెంబరుకి ఊళ్లో పేరు 'నాకుతెలుసు'. ఎవరు ఏం చెప్పబోయినా "నాకు తెలుసమ్మా, నాకు తెలుసు" అని తనే అందుకుని అరగంట మాట్లాడతాడట. గోడల మీద ఆయన పోస్టర్లు. అన్నిటిలోనూ పెదాలు బిగించే నవ్వుతున్నాడు. ఎందుకో నేను ఆలోచించకూడదు. ఆలోచించలేదు.

(కింది దవడ, కుడివైపు అనుకుంటాను.)

3వ తేదీ, మధ్యాహ్నం 12.30

మూడో వీధి టైలర్ వీధి దీపం గురించి చెప్తున్నాడు. ఎడమ బుగ్గ వాచి ఉంది. ఒక్కసారి నోరు తెరవమన్నాను. చూడటం వైద్యం కాదు కదా. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. ఉప్పు వంటింటి సరుకు, అదీ వైద్యం కాదు.

సంతకాలు: నాలుగు. టైలర్‌ది కూడా కలిపి.

5వ తేదీ, ఉదయం 8.00

టైలర్ వచ్చాడు. వెంట భార్య, బావమరిది. నేను స్నానం చేసి వచ్చేసరికి పెట్టె తెరిచి ఉంది.

"పిన్నీ! తాళం ఎందుకిచ్చావు?"

"పాపం, ఆ మొహం చూశావుటే? ప్రజాసేవ అంటున్నావు, ఆయన ప్రజ కాడేంటి?"

ఒక్కటంటే ఒక్క ఫిల్లింగ్ చేశాను. సరే, బావమరిదికి కూడా చూశాను. దూరం నుంచి వచ్చాడు మరి.

సంతకాలు: మూడు. టైలర్‌ది కొట్టేశాను.

8వ తేదీ, ఉదయం 9.15

ప్రెస్ అరుగు మీద పదకొండు మంది.

"నా కరపత్రాలు ఏవిరా?"

"టోకెన్లు కొట్టడం అవనీ అక్కా. జనం తోసుకుంటున్నారు, నంబర్లు లేకపోతే కొట్టుకుచచ్చేలా ఉన్నారు."

నా ఎన్నికల ఏజెంటు వీడు. వీడి జ్ఞానదంతం నిన్ననే తీశాను కాబట్టి వీడి సంతకం కూడా పోయింది.

మిగతా ఇద్దరూ టోకెన్లు తీసుకున్నారు. సంతకాలు: సున్నా. మూడు రోజుల్లో ఇంత నష్టం ఎవరికీ జరిగి ఉండదు.

10వ తేదీ, మధ్యాహ్నం 3.30

మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి ఇంజనీరుకి సమస్యల జాబితా ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పైకే చదివాడు.

"మూడో వీధి టైలర్. పైన ఎడమ, బాగా లోతుగా పోయింది. ఆయన బావమరిది. కింద రెండూ కదులుతున్నాయి, తీసేయాలి... మేడం, ఇవి ఏ స్తంభాలండీ?"

వేరే పేజీ చింపి ఇచ్చాను. భూమి చీలితే అందులోకి దూకేసేదాన్ని. ఇంజనీరు లేచి తలుపు దగ్గరగా వేశాడు. నన్ను గెంటేస్తాడేమో అనుకున్నాను.

"ఎలాగూ వచ్చారు కదా," అని నోరు తెరిచాడు.

12వ తేదీ, ఉదయం 7.00

నిబంధన 1కి చిన్న సవరణ. ఉదయం ప్రజలకు, మధ్యాహ్నం పళ్లకు.

సాయంత్రం 5.00

ఉదయం కూడా పళ్లకే పోయింది.

అలసిపోయి కిటికీ దగ్గర కూలబడ్డాను. పిన్ని నా తల నిమిరి అంది: "ఆ పలక సంగతి నేను ఎప్పుడో వదిలేశానే. నువ్వు బెంగ పెట్టుకోకు. ఇక్కడ నుంచి కూడా లైబ్రరీ కనిపిస్తుందిగా."

కనిపిస్తుంది. పన్నెండు అడుగుల దూరంలో. సిగ్గుతో చచ్చిపోయాను.

కుర్చీకి మళ్లీ దుప్పటి. తాళం తమ్ముడి జేబులో. రేపు, ఎల్లుండి వీధులే వీధులు!

14వ తేదీ, సాయంత్రం 6.00

పది సంతకాలు! అన్నీ కొత్తవి. ప్రతి గుమ్మంలోనూ ముందే చెప్పేశాను: "దయచేసి నోరు తెరవకండి, సంతకం చేయండి చాలు." వింతగా చూశారు కానీ చేశారు. నోట్‌బుక్‌లో సమస్యలు అరవై మూడు. మొదటిది పిన్ని పలక.

రేపు రెండు గంటలకు నామినేషన్. పిన్ని నా చీర ఇస్త్రీ చేయించింది.

15వ తేదీ, మధ్యాహ్నం 12.50

చీర కట్టుకుని ప్రెస్‌లో కాగితాలు సర్దుకుంటున్నాను. గుమ్మంలో నాకుతెలుసు! బుగ్గ బంతిలా ఉంది.

"మూడు రోజులుగా కన్ను మూయలేదు డాక్టరమ్మా. నీ మీద పోటీ చేసేవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని రావాలా అని ఆగాను. ఇక నా వల్ల కాదమ్మా."

తమ్ముడు నన్ను పక్కకి లాగాడు. "అక్కా, వద్దు. ముందు నామినేషన్ వేసేయ్."

కానీ ఆఫీసు భోజన విరామం రెండింటి దాకా. పన్ను చూశాను. ఇరవై నిమిషాల పని. ఈలోపు ఖాళీగా కూర్చుని ఆ మూలుగు వినడం ఎందుకు?

1.40

వేరు విరిగి లోపలే ఉండిపోయింది.

2.35

వచ్చింది! కానీ రక్తం ఆగడం లేదు. ఇప్పుడు చెప్తున్నాడు, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటాడట. అంతకుముందు రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ "నాకు తెలుసమ్మా" అన్నాడు.

2.45

తమ్ముడు బయట స్కూటర్ స్టార్ట్ చేసి ఉంచాడు. కాగితాలు వాడు ఇస్తే తీసుకోరు, అభ్యర్థి స్వయంగా వెళ్లాలి. నా వేళ్లు ఆయన దవడ మీద ఉన్నాయి. ఎలా వదిలేసి వెళ్లను?

3.00

స్కూటర్ చప్పుడు ఆగిపోయింది.

సాయంత్రం 6.00

తీరిగ్గా రాస్తున్నాను.

మూడూ పదికి రక్తం తగ్గింది. దూది పెట్టాను. "నలభై ఐదు నిమిషాలు గట్టిగా కరిచిపట్టుకోండి. ఒక్క మాట మాట్లాడినా మళ్లీ మొదలవుతుంది," అన్నాను. ఆయన గోడ గడియారం చూశాడు. నా చేతి పక్కన నామినేషన్ కాగితాలు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో చెప్పబోయాడు.

"నోరు ముయ్యండి!" అన్నాను. డాక్టరుగానే అన్నాను. కొంచెం కోపంతో కూడా.

అప్పుడు నోట్‌బుక్ తీసి చదవడం మొదలుపెట్టాను. ఒకటో నంబరు పలక. ఎన్ని అర్జీలు, ఏ తేదీలు, ఏ జవాబు. ఆయన మాట్లాడలేడు, లేవలేడు. ఈ ఊళ్లో ఆయనకి ఇన్ని మాటలు వరుసగా చెప్పినవాళ్లు ఇంకెవరూ ఉండరు. తొమ్మిదో నంబరుకి వచ్చేసరికి చేయి చాచి పెన్ను అడిగాడు. టోకెన్ వెనకాల రాశాడు: 'ఆ పలక ఎక్కడ?'

"ఇందాక మీరు దాటుకుని వచ్చిన చెక్క."

లేచి, బుగ్గ పట్టుకుని బయటికి వెళ్లాడు. చెక్క మీద నిలబడ్డాడు. అది ఊగింది, పడబోయి ఆగాడు. తలెత్తితే ఎదురుగా కిటికీలో పిన్ని.

"జాగ్రత్తండీ," అంది పిన్ని. "నేను పడింది సరిగ్గా అక్కడే."

16వ తేదీ, ఉదయం 10.00

ఇంకెవరూ నామినేషన్ వేయలేదు. నాకుతెలుసు ఏకగ్రీవం. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. నా కరపత్రాల వెనకవైపు టోకెన్లు కొడుతున్నాడు.

19వ తేదీ, ఉదయం 9.00

వీధిలో ట్రాలీ. నలుగురు మనుషులు, అచ్చుపోసిన కొత్త పలక! మెంబరు గారు దగ్గరుండి వేయిస్తున్నారు. కొంచెం ఎడమకి జరిపించాలని చెప్పబోయాను.

"నాకు తెలు..." అని ఆగిపోయారు. బుగ్గ తడుముకున్నారు. "చెప్పమ్మా."

సాయంత్రం 5.00

పిన్ని గడప మీద నిలబడింది. పది నిమిషాలు అలాగే ఉంది. నేను చేయి అందిస్తే వద్దంది. చేతికర్రతో పలకని మూడుసార్లు కొట్టి చూసింది. ఒక కాలు పెట్టింది. తర్వాత రెండోది. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా లైబ్రరీ మెట్లెక్కేసింది.

తమ్ముడు, నేను ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చాం. వాడు నాతో మాట్లాడేశాడు.

7.00

పోస్ట్‌మాన్ మీద రెండు ఆటలు గెలిచిందట. మూడోది ఓడిపోయింది. పన్ను సలిపి బుర్ర పనిచేయలేదట.

20వ తేదీ, ఉదయం 6.10

ఈ రోజు నుంచి నేను పళ్ల డాక్టర్ని కాను. ప్రజాసేవకురాలిని! వచ్చే ఎన్నికలకి ఐదేళ్లు. మిగిలిన సమస్యలు అరవై రెండు.

నిబంధన 1: ఎవరి పంటి జోలికీ వెళ్లను.

6.25

పిన్ని కుర్చీలో కూర్చుని ఉంది, నోరు తెరుచుకుని. నిబంధన రేపటి నుంచి.

6.50

ఒక మినహాయింపు రాసుకోవాలి. మెంబరు గారికి ఇంకా మూడు పళ్లు తీయాలి. ఒక్కో పంటికీ నలభై ఐదు నిమిషాలు దూది. కాస్త వేగంగా చదివితే నోట్‌బుక్ మొత్తం అయిపోతుంది.