అమ్మ కొనిచ్చిన టైర్లు

టోర్గైర్,

పోయిన ఆదివారం, మంచులో స్కీల కోసం చదును చేసిన బాట మీద బూట్లతో నడిచిందని ఒక ముసలావిడను అందరి ముందూ కడిగేశావు. "బాట పాడు చేయడానికి సిగ్గు లేదా?" అన్నావు. నిన్ను చూసి గర్వపడుతూ మేమంతా తలలూపాం.

శుక్రవారం సాయంత్రం, మంచు మెత్తబడి ఉండగా, అదే బాట మీద నువ్వు సైకిల్ తొక్కావు. నీ చక్రాలు కోసిన గాడి రాత్రికి రాయిలా గడ్డకట్టింది. శనివారం పొద్దున అందులో స్కీ ఇరుక్కుని అమ్మ పడింది, మణికట్టు విరిగింది. మధ్యాహ్నానికల్లా నువ్వే, ఎవడో వెధవ బాట మీద సైకిల్ తొక్కాడని ఊరి గ్రూపులో పెట్టావు. వెధవ ఎవడో నీకు బాగా తెలుసు.

ఆ టైరు అచ్చు నేను గుర్తుపట్టాను. క్రిస్మస్‌కి నీకు ఆ టైర్లు కొనిచ్చిన అమ్మ గుర్తుపట్టదా? డాక్టరు అడిగితే మాత్రం, "నేనే చూసుకోలేదు బాబూ" అంది.

నీకు ఉత్తరం రాసే ఓపిక నాకు లేదు. కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని అమ్మే అడిగింది: "వాడికి రాయవే, గడ్డకట్టిన బాట మీద ఆ టైర్లు జారతాయి, జాగ్రత్తని."

రాశాను.

అక్క