జిరాక్స్‌లో పడ్డ బొటనవేలు

ఇర్వింగ్,
మార్చి 3

హాలోవే కౌంటీ వంశచరిత్ర సంఘం వలంటీర్ రాధాకృష్ణ గారికి దేదీప్య నమస్కరించి రాసేది.

మీ సంఘం ఈమెయిల్‌కి జవాబివ్వదనీ, ఉత్తరం రాస్తేనే రికార్డు వెతుకుతుందనీ వెబ్‌సైట్‌లో చూశాను. వలంటీర్లలో మీ పేరు కనిపించగానే ఇంగ్లీష్‌లో రాసింది చింపేసి మళ్ళీ తెలుగులో మొదలుపెట్టాను.

మా అమ్మమ్మ శేషమ్మకి ఒక్కడే తమ్ముడు, విశ్వనాథం. మీ కౌంటీలో రోడ్ల ఇంజనీరుగా చేస్తూ 1988లో గుండెపోటుతో పోయారు. పెళ్ళి చేసుకోలేదు. పోయారని రాజమండ్రికి టెలిగ్రాం వచ్చింది గానీ పంపిందెవరో అందులో లేదు. అమ్మమ్మకిప్పుడు ఎనభై నాలుగు. ఆవిడకి తెలియాల్సింది ఒక్కటే: వాడు పోయేటప్పుడు పక్కన మనిషెవరైనా ఉన్నారా, లేక ఒక్కడే పోయాడా. దయచేసి మరణ రికార్డు చూసిపెట్టండి.

ఇట్లు,
దేదీప్య

తా.క.: అమెరికా వచ్చి మూడేళ్ళయింది. నా మెయిల్‌బాక్స్‌లో పిజ్జా కూపన్లే తప్ప ఉత్తరమన్నది చూడలేదు. జవాబు రెండు లైన్లయినా సరే, కవర్ మీద నా పేరు చేత్తో రాయండి.


హాలోవే కౌంటీ,
మార్చి 12

చి. దేదీప్యకి ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇక్కడ నాకు తెలుగు మాట్లాడే దిక్కు లేదు. జిరాక్స్ మెషిన్‌తో మాట్లాడుతుంటాను, అది పాపం ఏమీ అనుకోదు.

రికార్డు దొరికింది, కాపీ జత చేశాను. మీ తాతగారు ఆస్పత్రిలో పోయారు. పక్కన మనిషి ఉన్నాడు. వివరాలు చెప్పినవారి గడిలో బంధుత్వం 'బ్రదర్' అని ఉంది. అంత్యక్రియల కాగితం మీదా ఆయన సంతకమే. అమ్మమ్మగారిని మనసు కుదుటపరుచుకోమను.

శ్రేయోభిలాషి,
రాధాకృష్ణ

తా.క.: ఇక్కడికొచ్చే అమెరికన్లు తమ ముత్తాత గుర్రాల దొంగ అని తేలితే మురిసిపోయి ఫ్రేమ్ కట్టించుకుంటారు. మనం అంత దూరం వెళ్ళనక్కర్లేదు. ఏదైనా తేడాగా కనిపిస్తే వదిలెయ్.


ఇర్వింగ్,
మార్చి 20

రాధాకృష్ణ గారికి నమస్కారాలు.

కొంప మునిగిందండీ. విశ్వనాథం తాతయ్యకి తమ్ముళ్ళూ అన్నలూ ఎవరూ లేరు. బ్రదర్ అనగానే వీడియో కాల్‌లో అమ్మమ్మ ఫోన్ బల్ల మీద పెట్టేసింది. తర్వాత కుర్చీ ఎక్కి వాళ్ళ నాన్న ఫోటోకి ఉన్న దండ తీసేసింది. ఆయన తాలూకా ఆఫీసు ఉద్యోగంలో ఎప్పుడూ కాకినాడ క్యాంపులు వెళ్ళేవారట. ఆ క్యాంపులేమిటో ఇప్పుడు తెలిసిందంటోంది. ఇంతకీ ఆ మనిషి పేరేమిటి?

ఇట్లు,
దేదీప్య

తా.క.: కాపీలో సరిగ్గా పేరున్న చోట ఎవరిదో బొటనవేలు పడింది. గీతలు కూడా లెక్కపెట్టొచ్చు, పేరు మాత్రం కనబడదు. ఇంకో కాపీ పంపగలరా?


హాలోవే కౌంటీ,
మార్చి 28

చి. దేదీప్యకి ఆశీస్సులు.

పోయిన పెద్దమనిషిని అనుమానించడం పాపం. ముందు ఆ దండ వేయించు. పేరుతో మనకి పనేముంది, పక్కన ఒకడున్నాడు, అది చాలదా? నువ్వు వేళకి తింటున్నావా? ఒక్కదానివే అని వండుకోవడం మానెయ్యకు. నేను మానేసి చెడిపోయాను.

రాధాకృష్ణ

తా.క.: రెండో కాపీ జత చేశాను. ఈసారి అక్కడ కాఫీ ఒలికింది.


ఇర్వింగ్,
ఏప్రిల్ 5

రాధాకృష్ణ గారికి,

ముత్తాత ఇప్పుడు ట్రంకుపెట్టెలో ఉన్నారు. మావాళ్ళు కాకినాడలో ఒక రిటైర్డ్ మాస్టారిని పట్టుకున్నారు. ముక్కు అచ్చం ముత్తాతదేనట, ఆ బ్రదర్ ఈయనేనట. ఆయన ఈ కథంతా ఇప్పుడే వింటున్నానని మొత్తుకుంటున్నా వాళ్ళావిడ ఆయనతో మాట మానేసింది. నేను పై శనివారం డ్రైవ్ చేసుకుంటూ వచ్చి అసలు కాగితం చూస్తాను.

దేదీప్య

తా.క.: వేళకే తింటున్నాను. అలా అడిగినవాళ్ళు ఈ దేశంలో మీరొక్కరే.


హాలోవే కౌంటీ,
ఏప్రిల్ 9

చి. దేదీప్యకి,

మూడు గంటలు డ్రైవ్ చేసేముందు ఇది చదువు. ఆ బొటనవేలు నాది. దాని కింద ఉన్న పేరూ నాదే.

అప్పట్లో ఈ కౌంటీకంతా తెలుగువాళ్ళం మేమిద్దరమే. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆయన్ని అన్నయ్యా అనేవాణ్ణి. మనం బస్సులో సీటిచ్చినవాణ్ణి కూడా అన్నయ్యా అంటాం కదా. ఆస్పత్రి కౌంటర్‌లో ఒకావిడ, ఆయన నీకేమవుతాడని అడిగితే ఉన్నమాటే చెప్పాను, అన్నయ్య అని. ఆవిడ బ్రదర్ అని రాసుకుంది. స్నేహితుడంటే పోయిన మనిషిని అప్పగించరని తర్వాత తెలిసి దిద్దించలేదు. నువ్వెవరివని మీవాళ్ళు అడుగుతారని టెలిగ్రాం కింద పేరూ పెట్టలేదు.

రిటైరయ్యాక ఈ సంఘంలో చేరింది ఆయన్ని వెతుక్కుంటూ ఎవరో ఒకరు రాకపోతారా అనే. పదకొండేళ్ళు చూశాను. తీరా నువ్వొస్తే వేలు అడ్డం పెట్టాను. ఆ ఒక్క కాగితం మీద తప్ప ఈ దేశంలో నేనెవరికీ ఏమీ కాను, దేదీప్యా. అది కూడా పోతుందని భయం వేసింది.

మీ ముత్తాతగారిని పెట్టెలోంచి తీయించు. రికార్డు సవరించే ఫారం పంపుతున్నాను.

రాధాకృష్ణ

తా.క.: దీనిమీద దగ్గరి బంధువు సంతకం చెయ్యాలి. రికార్డు ప్రకారం ఆ బంధువుని నేనే. నేను తమ్ముణ్ణి కానని తమ్ముడి హోదాలో సంతకం పెట్టాలి. రెండు రోజులు పెన్ను పట్టుకు కూర్చున్నాను, చెయ్యి రాలేదు. అక్కగారైనా పెట్టొచ్చట.


ఇర్వింగ్,
ఏప్రిల్ 16

రాధాకృష్ణ తాతయ్యకి,

మీ ఉత్తరం అమ్మమ్మకి చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆపమంది. తొమ్మిదేళ్ళూ వాడికి వండిపెట్టిందెవరని అడిగింది. ఇద్దరూ వంతులేసుకుని ఉంటారన్నాను. "అయితే మావాడు ఒక్కడే పోలేదన్నమాట" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ముత్తాత మళ్ళీ గోడెక్కారు. కొత్త దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, అమ్మమ్మ చెంపలు వేసుకుంది. కాకినాడ మాస్టారికి స్వీట్లు పంపించాం. వాళ్ళావిడ స్వీట్లు తీసుకుంది గానీ మాట ఇంకా కలపలేదట.

ఫారం ఫోటో మావాళ్ళకి పంపి, అక్కడ ప్రింట్ తీయించి అమ్మమ్మ చేత సంతకం పెట్టించాం, వాళ్ళు పంపిన కాపీ మీకు వెనక్కి పంపుతున్నాను. సవరణ రాయాల్సిన గడిలో ఆవిడ తెలుగులో ఇలా రాసింది: "రికార్డు సరిగ్గానే ఉంది. వాడు మా రెండో తమ్ముడు." కౌంటీవాళ్ళకి చదివి చెప్పే పూచీ మీదే. శనివారం వస్తున్నాను, ఇద్దరికీ సరిపడా వండుకుని తెస్తాను.

మీ మనవరాలు,
దేదీప్య

తా.క.: తమ్ముడై ఉండి ఇన్నేళ్ళలో అక్కకి ఒక్క పుట్టింటి చీరైనా పెట్టలేదేమని గట్టిగా అడగమంది. ఆకుపచ్చ మాత్రం వద్దట.