గడియారం చూసిన చేతులు

నాచారం,
14-7-1997

జనార్ధనరావుకు మీ బావ రాయునది.

మీ అక్క మోకాళ్ల నొప్పులకు రేకీ అంటూ మీ ఆఫీసు తారామణిని మా ఇంటికి తెచ్చింది నువ్వు. తాకకుండా చేతులు పైన పట్టి శక్తి పంపుతానంటే, ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన నేను నవ్వాను. "నవ్వుకోండ్రి సార్, ఫికర్ లేదు. జర సప్పుడు గాకుండ నవ్వుకోండ్రి," అందామె. ఆ మాటకే పోయిన వారం ఆమెను వెళ్లగొట్టాను. ఆ మధ్య బంధువుల పెళ్లిలో నలుగురి ముందు నన్ను పుస్తకాల పురుగన్నావే, ఆ కోపమూ అందులో ఉంది.

అప్పటినుంచి మీ అక్కకు కునుకు లేదు. మాత్రలు పనిచేయడం లేదు. నిన్న నేనే రేకీ పుస్తకం కొని తెచ్చి, ఒక్కో చోట మూడు నిమిషాలని రాసుంటే అలాగే చేతులు పట్టాను.

కళ్లు తెరవకుండానే, "తీసెయ్యండి. మీరు గడియారం చూస్తున్నారు," అంది.

చూస్తూనే ఉన్నాను.

నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. అయినా తారామణిని పంపించు. నేను పిలిస్తే రాదు. రోజూ సాయంత్రం ఆరింటినుంచి ఏడింటిదాకా ఉప్పల్ గ్రంథాలయంలో కూర్చుంటాను. తలుపు దగ్గరగా వేసి వెళ్తాను, గడియ ఉండదు.

ఈ ఉత్తరం సంగతి మీ అక్కకు చెప్పకు.

మీ బావ